ప్రతిబింబం ప్రతి కాదు



పద్యాల గురించి వ్రాసే చోట ఒక పెట్టె గురించి వ్రాస్తున్నందుకు మన్నించండి. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి ఇంట్లో ఒక నాస్ పెట్టె అమర్చాడు. ఇంటి కంప్యూటర్లన్నీ తమ సరుకును అందులోనే దాచుకొంటాయి. లోపల రెండు సాలిడ్ స్టేట్ డ్రైవులు. ('ఘనస్థితి చోదకం' అందామనుకొని, నా చెవికే నచ్చక మానుకొన్నాను.) ఒకదానిలో వ్రాసినది తత్‌క్షణమే రెండవదానిలోనూ పడుతుంది. దానిని రెయిడ్ 1 అంటారు, అద్దం పద్ధతి. "రెండున్నాయి, ఇక మీకు బెంగ లేదు మాస్టారూ" అన్నాడు అమ్మినాయన. ఆ మాటతోనే నాకు పేచీ.

అందులో ఉన్నవి మా ఆవిడ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు. క్యాసెట్ల నుండి ఓపికగా ఎక్కించుకొన్నాను. ఆవిడ ఇప్పుడు లేదు.

గత నెల ఒక రాత్రి పెట్టె కీచుమని మొర పెట్టుకొంది. ఒక డ్రైవు కనబడడం లేదట. పాత హార్డుడిస్కు పోయేముందు తరచు టకటకమని సూచన ఇచ్చేది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు కనుక ఆ చప్పుడూ ఉండదు. నిన్నటిదాకా నిక్షేపంగా ఉన్నది ఇవాళ మూగపోతుంది. "కొత్తది పెట్టి రీబిల్డ్ నొక్కండి నాన్నగారూ" అన్నాడు అబ్బాయి ఫోనులో. నేను నొక్కలేదు. పునర్నిర్మాణమంటే మిగిలిన డ్రైవును ఆసాంతం చదివించడం. అదేమో పోయినదానికి కవల: ఒకేరోజు కొన్నది, ఒకే నమూనా. ఫ్లాష్ కణాలు చెరిపి వ్రాసిన కొద్దీ అరుగుతాయి. అద్దం పద్ధతిలో రెండింటికీ దాదాపు ఒకే అరుగుదల.

ఇది నా చాదస్తం కాదు. సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీల విషయమై 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు పనిచేయగానే నిలిచిపోతాయి. ఆపైన డ్రైవూ దక్కదు, దత్తాంశమూ దక్కదు. ఒకేసారి వాడుకలోకి తెచ్చినవి ఇంచుమించు ఒకేసారి పోతాయి. అప్పుడు అద్దమెందుకు?

కనుక ముందు నకలు, పిమ్మటే వైద్యం. అన్నిటినీ బయటి హార్డుడిస్కుకు ఎక్కించాకే రోగి నాడి పట్టుకొన్నాను. స్మార్ట్ నివేదికలో సీఆర్‌సీ దోషాల లెక్క పెరుగుతూంటే తప్పు సాధారణంగా తీగదో, అమరికదో అవుతుంది. పోయిన డ్రైవును వేరే కంప్యూటరుకు తగిలించాను, అక్కడా మూగే. అదే అరలో కొత్తది పలికింది. అర మంచిదే, డ్రైవే పోయింది.

అసలు దెబ్బ తరువాత తెలిసింది. నకలు సరిచూస్తూంటే పెళ్ళిపాటల ఫోల్డరు లేదు. నిరుడు ఇల్లు సర్దినట్లు పెట్టెనూ సర్దుతూ, రెండోసారి ఎక్కించినదనుకొని నేనే చెరిపాను. అద్దం వినయంగా రెండుచోట్లా చెరిపింది. ఖాళీ అయిన గడులేవో డ్రైవుకు చెప్పే ట్రిమ్ ఆదేశం ఒకటుంది. దాని పుణ్యమా అని వెదికే సాఫ్ట్‌వేర్లకూ ఏమీ చిక్కలేదు.

బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు సరిచూయించగలిగాడంటే, ఊరికొక ప్రతి ఉండడం వల్లనే కదా. వేర్వేరు చేతులు, వేర్వేరు కాలాలు, వేర్వేరు ఇళ్ళు. ఒకచోట జారిన పద్యం మరొకచోట దొరికేది. ఒకే పెట్టెలోని కవలలకు ఆ పేరు పెట్టి అమ్మడం అన్యాయం. నమ్మినందుకు నా తప్పూ ఉంది, నకళ్ళ చరిత్ర తరగతిలో చెప్పినవాణ్ణి.

ఇప్పుడొక హార్డుడిస్కు మా చెల్లెలి ఇంట్లో ఉంది, దేనికీ తగిలించకుండా. పెళ్ళిపాటల క్యాసెట్లు అటక మీద దొరికాయి. తొమ్మిదిటిలో నాలుగు ఆడాయి. అయిదవదాని టేపు అతుక్కుపోయింది. అప్పగింతల పాట అందులోనే ఉన్నట్లు దాని మీద ఆవిడ చేతివ్రాత.