దుప్పటి ఎందుకు సన్నబడినది?



గత నెలలో మా అనంతసాగరము సంఘములోని ఒక చెల్లెలు సగము అల్లిన ఊలు దుప్పటిని సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చినది. ఆమె ఆడబిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చియున్నది. నెలలు డిసెంబరుకు నిండును. సోమశిల నీటిమీదుగా వచ్చు ఆ నెల చలిగాలి ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ చెల్లెలు పాత ఇంగ్లీషు పుస్తకములో బుడిపెల దుప్పటి బొమ్మ చూచి, పొలముపని తీరిన రాత్రులలో మూడు వారములుగా అల్లుచున్నది. తీరా చూడగా దుప్పటి వరుస వరుసకు సన్నబడుచున్నది, బుడిపెలు లేవక అణగిపోయినవి. "ఊలుకి పెట్టిన డబ్బంతా నీళ్ళపాలు చేసినావే" అని అత్తగారు అన్నదట. "నాకు చేతకాదు అమ్మగారూ, ఇంకెవరిచేతనైనా చేయించండి" అని మా ఇంటామెతో చెప్పి కంట తడిపెట్టినది.

మాకు అల్లిక రాదు. అయినను పుస్తకము చదువగలము గనుక ముగ్గురము కూర్చొని కుట్లు లెక్కించితిమి. మొదటి వరుసలో 119 ఉన్నవి, సరిగానే ఉన్నది. ఇరవయ్యవ వరుసలో 100! వరుసకొక కుట్టు జారిపోయినది.

తప్పు చేతిది కాదు, ఒక మాటది. ఇంగ్లండు పుస్తకములలో 'డబుల్ క్రోషే' అనగా పొట్టి కుట్టు. అమెరికావారు దానినే 'సింగిల్ క్రోషే' అందురు. వారి 'డబుల్' పొడవు కుట్టు. ఇంగ్లండువారు దానిని 'ట్రెబుల్' అందురు. పుస్తకము లండనులో అచ్చయినది, చెల్లెలు నేర్చినది అమెరికా మాటలతో. ఆమె అంతటను పొడవు కుట్టు వేసినది. దానికి మలుపు దగ్గర మూడు చైనులు వేసి వాటిని ఒక కుట్టుగా లెక్కించవలెను. తిరిగి వచ్చునప్పుడు ఆ చైను కొసలో చివరి కుట్టు వేయవలెను. అది మరచుటవలన వరుసకొకటి తగ్గినది.

బుడిపెల సంగతియు అదే. ఒకే కుట్టులో అయిదు పొడవు కుట్లను సగము సగము అల్లి ఒక్కసారే ముడివేసిన, ఇరుప్రక్కల పొట్టి కుట్లు నొక్కుటచేత అది ఉబ్బి పైకి వచ్చును. ప్రక్కవి కూడ పొడవైనచో నొక్కువారెవరు? మరియొకటి: బుడిపె అల్లువారికి వెనుకప్రక్కకు లేచును గనుక ఆ వరుసను దుప్పటి వెనుకవైపునుండి అల్లవలెను.

ఇక అత్తగారి మాట. నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున లేసు అల్లిక 1840లలో మిషనరీల ద్వారా వచ్చినదే. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే ఆ లేసు అల్లు స్త్రీలను గూర్చి మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు 1982లో వెలువడిన తన పుస్తకములో వ్రాసినదేమనగా, రోజంతా అల్లినను దానిని ఇల్లాలి తీరిక పనిగానే ఎంచి కూలి అతి తక్కువ ఇచ్చిరని. మన ఇండ్లలోను అంతే గదా! దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు పేతురుకు చూపి ఏడ్చినట్లు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుదుము; ఆమె బ్రదికియున్నప్పుడు ఎవరైనను మెచ్చుకొనిరో లేదో.

ఆ సాయంత్రము చెల్లెలు మొదట 19 కుట్లతో చిన్న ముక్క అల్లి చూచినది. బుడిపెలు శనగగింజలవలె లేచినవి. మూడు సాదా కుట్లు, ఒక బుడిపె, మరల మూడు. తరువాతి బుడిపెల వరుస ఒక సాదా కుట్టుతో మొదలు. నాలుగు చొప్పున లెక్కించి మూడు కలిపిన ఏ సంఖ్యయైనను ఇందుకు సరిపోవును. ప్రతి వరుస మొదటి కుట్టుకును చివరి కుట్టుకును ఎర్రదారము కట్టమని మా ఇంటామె చెప్పినది. విప్పిన ఊలును కుర్చీ వీపుకు చుట్టి, తడిపి ఆరవేసిన వంకరలు పోవును.

విప్పుటకు ఆమెకు మనసు రాలేదు. మరునాడు మేము వారింటికి వెళ్ళగా అత్తగారే గడపలో కూర్చొని ఊలు ఉండ చుట్టుచుండెను. "అయ్యగారా, ఇంత పని ఉండాదని నాకేం తెలుసు" అన్నది. ఇప్పటికి కొత్త దుప్పటి పదునాలుగు వరుసలు, ప్రతి వరుసకు 119.