రాసిపెట్టేవాళ్లం

2021 మార్చిలో నల్లగొండ ఆర్జాలబావి గోదాముల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓట్ల లెక్కింపు జరిగింది. వరంగల్-ఖమ్మం-నల్లగొండ స్థానానికి 71 మంది పోటీ. నాకు అక్కడ డ్యూటీ పడింది. నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా 1 అని అంకె వేస్తే చాలు. కానీ విప్పుతున్న కొద్దీ టిక్కు కొట్టినవి, సంతకం చేసినవి, ఏమీ రాయకుండా మడిచినవి వస్తూనే ఉన్నాయి. లెక్క తేలేసరికి చెల్లని ఓట్లు 20 వేలు దాటాయి. పాలమూరు పట్టభద్రులు ఓటేసిన పక్క నియోజకవర్గంలోనూ అంతే. డిగ్రీ ఉన్నవాళ్లకు మాత్రమే ఉండే ఓటు అది. రెండో రాత్రి ఒక బ్యాలెట్ చేతిలోకి వచ్చింది. దాని మీద సంతకం ఉంది. ఎంతో పొందికైన, గుండ్రటి రాత. బడిలో మేం దిద్దించే రాత. దాన్ని చెల్లనివాటిలో పెట్టడానికి నాకు చాలాసేపు చెయ్యి రాలేదు.

అలా ఓటు పాడుచేసుకున్న పిల్లల్ని నేను తప్పుపట్టలేను. ఇక్కడ చెప్పవలసింది మా సంగతి.

మేమంటే 1980ల్లో సర్కారు కొలువుల్లోకి వచ్చిన రైతుబిడ్డలం, సాలెల ఇళ్ల పిల్లలం. మా నాయన వేలిముద్ర వేసేవాడు. నేను రిజిస్టర్లో సంతకం పెట్టేవాణ్ని. ఊళ్లో దరఖాస్తు రాయాలన్నా, బ్యాంకు ఫారం నింపాలన్నా, వలస పోయిన కొడుకు బొంబాయి నుంచి రాసిన ఉత్తరం చదివి వినిపించాలన్నా మా అరుగు దగ్గరికే వచ్చేవాళ్లు. ఈ నేలకు అది పాత అలవాటు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టి రాసింది నోరులేని వాళ్ల తరఫునే. ఆంధ్రమహాసభ వెట్టి గురించి తీర్మానాలు రాసి, చదివి, ఊళ్లకు తీసుకుపోయింది. చదువుకున్నవాడు ఊరి వైపు నిలబడ్డాడు కాబట్టే 1952లో రావి నారాయణరెడ్డికి నల్లగొండ నెహ్రూకు కూడా రానన్ని ఓట్లు వేసింది.

మా తరం కూడా ఒకసారి అలా నిలబడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో ఉన్నారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. గెలవడానికి కాదు, ఫ్లోరైడ్ నీళ్ల సంగతి ఢిల్లీకి వినపడాలని. బ్యాంకు ఉద్యోగం వదులుకుని వచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ, ఆయన జలసాధన సమితి ఊరూరా తిరిగి నామినేషన్లు వేయించారు. నేను అప్పుడు మర్రిగూడ మండలంలో పనిచేస్తున్నాను. మూడో తరగతిలోనే పళ్లు గోధుమరంగుకు తిరిగిన పిల్లలు, కాళ్లు వంకరపోయి తోటివాళ్ల భుజం పట్టుకుని బడికొచ్చే పిల్లలు నా తరగతిలో ఉండేవాళ్లు. రాత్రిళ్లు కందిలి వెలుగులో కొన్ని పత్రాలు నా చేత్తో నింపాను. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు. ఆ దారి మూసుకుపోయింది. మేం వేరే దారి వెతకలేదు.

అప్పటి నుంచి మేం చేసిందంతా ఒక్కొక్కటిగా బయటికి రావడమే. ముందు నీళ్లు. ఊళ్లోకి ఫిల్టర్ ప్లాంటు రాగానే క్యాను తెప్పించుకున్నాం. బోరింగు కాడికి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. తర్వాత బడి. నేను సర్కారు బడిలో పాఠం చెప్తూ నా కొడుకును నల్లగొండలో ప్రైవేటు బడికి, అక్కడి నుంచి హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీకి పంపాను. తల్లిదండ్రుల కమిటీలో "మన బడి" అని నేను మాట్లాడుతుంటే ఒక తల్లి నా ముఖంలోకి చూసి తల దించుకుంది. ఆ ఏడాదే తన బిడ్డను వ్యానెక్కించింది. నన్ను చూసే నేర్చుకుంది. తర్వాత దవాఖాన. తర్వాత ఊరే. పట్నంలో ఇల్లు కట్టుకుని, సాయంత్రాలు చిట్టీలూ ప్లాట్ల బేరాలతో గడిపాం. మా బావమరిదిది కల్వకుర్తి. అతనూ నేనూ కలిసి షాద్‌నగర్ దగ్గర వెంచర్‌లో ప్లాటు కొన్నాం. ఆ భూమి అమ్మిన రైతు ఎండిన బోర్ల అప్పు తీర్చి, గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకు పోయాడు. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు లేబర్లో ఇంకో కుటుంబం కలిసింది. రిజిస్ట్రేషన్ రోజు ఆ రైతు మాకు చాయ్ తెప్పించాడు.

ఉద్యోగుల్లో కూడా మేం ఒకటిగా లేం. 2004 సెప్టెంబరు 1 తర్వాత కొలువులోకి వచ్చినవాళ్లకు పాత పింఛను పోయింది. మా పింఛను మాకు ఉండడంతో తీర్మానాలతో సరిపెట్టాం. ఒకే స్టాఫ్ రూంలో, ఒకే పని చేస్తూ, పక్క కుర్చీలో కూర్చున్న తమ్ముడి ముసలితనం మా సమస్య కాలేకపోయింది. 2011లో సకలజనుల సమ్మెలో 42 రోజులు పని ఆపి ఈ రాష్ట్రాన్ని కదిపినవాళ్లం మేమే. అంత బలం ఉందని తెలిసినవాళ్లం. రాష్ట్రం వచ్చాక 2015లో 43 శాతం ఫిట్‌మెంట్ అందుకుని పాలాభిషేకాలు చేసి ఇళ్లకు పోయాం. కరోనాలో సర్కారు మా జీతంలో సగం ఆపితే ఊరుకోలేదు. అదే వీధిలోని ప్రైవేటు టీచర్లు జీతం లేక ఉపాధి పనికి పోతుంటే మేం ఒక్కనాడూ ధర్నా చేయలేదు. 2021 ఏప్రిల్‌లో వాళ్లకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. వాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లున్నారు. రేషన్ దుకాణం దగ్గర ఒకతను నన్ను చూసి మాస్కు పైకి లాక్కున్నాడు.

మధ్యతరగతి కుంగిపోతోందని ఇప్పుడు మేం సభల్లో బాధపడుతున్నాం. కుంగడం నిజమే. ఫీజులకని నేను జీపీఎఫ్ ఖాళీ చేసి చదివించిన కొడుకు హైదరాబాద్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తూ జీతంలో సగం కిస్తీలకు కడుతున్నాడు. గ్రూప్-1 రాశాడు. పేపర్ లీకై 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. నేను ఎక్కిన మెట్టు వాడికి అందలేదు. బడి, దవాఖాన, నీళ్లు అందరివిగా నిలబెట్టుకుని ఉంటే ఆ అప్పు వాడి నెత్తిన ఉండేది కాదు. వాడిప్పుడు ఏ సభకూ పోడు, ఏ సంఘంలోనూ లేడు. ఫోనులో ఎవరు ఎవరిని తిడితే వాళ్ల మాట నమ్ముతాడు. నిలబడి మాట్లాడుకునే చోటు వాడికి మేం మిగల్చలేదు.

ఊళ్లో మేం ఖాళీ చేసిన అరుగు మీదికి కాంట్రాక్టర్లు వచ్చి కూర్చున్నారు. 2022 నవంబరు 3న మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం మంది ఓటేశారు. ఆ నెలంతా డబ్బు, మందు, మాంసం ఎలా పారాయో దేశమంతా చూసింది. తమకు పైసలు అందలేదని రోడ్డెక్కినవాళ్లు ఉన్నారు. నేను నామినేషన్ పత్రాలు నింపిన మర్రిగూడ కూడా ఆ నియోజకవర్గంలోనిదే. ఒక పాత విద్యార్థి ఇంటికొచ్చి, "సార్, ఓటు అమ్ముకుంటున్నరని అందరూ మమ్మల్నే అంటున్నరు. మీరు నెల జీతమొచ్చేటోళ్లు. మీకు అక్కరలేదు, మాకున్నది" అన్నాడు. నేను నీతి చెప్పబోయాను. రైతుబంధు గుర్తొచ్చి నోరు పెగల్లేదు.

మా ఊళ్లో నాకు ఆరెకరాలుంది. ఇరవై ఏళ్లుగా ఒకతను కౌలుకు చేస్తున్నాడు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు 4 వేల చొప్పున 24 వేల చెక్కు నా పేరున వచ్చింది. పట్టా నాది. విత్తనం, ఎరువు, ఎండిన బోరు, గులాబీ రంగు పురుగు అతనివి. డబ్బు తీసుకున్నాను. ప్రతి కారుకూ తీసుకుంటూ వచ్చాను. పైగా కౌలు తగ్గించలేదు. నాకు తెలిసిన ఉద్యోగుల్లో ఆ డబ్బు కౌలుదారుకు ఇచ్చినవాళ్లు ఇద్దరే. ఓటుకు నోటు తీసుకున్నవాడు ఒక్కసారే తీసుకున్నాడు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ సొరంగం నీళ్లు మా నల్లగొండకు రావలసినవి. బతుకుతెరువుకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు వాళ్లు, ఒకప్పుడు మా పాలమూరు వాళ్లు పరాయి రాష్ట్రాలకు పోయినట్టే. ఆ సాయంత్రం మా సంఘం వాట్సాప్ గ్రూపు తెరిచాను. బకాయి పడ్డ డీఏ గురించి రాత్రి పదకొండు దాకా నడిచింది. నేనూ రెండు మాటలు రాశాను, డీఏ గురించే.

ఆ వానాకాలం మొదట్లో కౌలుదారు వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా నిలబడే ఉన్నాడు. "సారూ, పొలం నేనే చేస్తున్ననని ఒక కాయితం రాసియ్యండ్రి. అప్పుకైనా, నష్టమొస్తే అడగనీకైనా అక్కరకొస్తది" అన్నాడు. కాగితం ఇస్తే రేపు భూమి మీద హక్కంటాడేమోనని ఇంట్లో భయపడ్డారు. నేనూ భయపడ్డాను. వచ్చే వారం చూద్దామన్నాను. మళ్లీ వచ్చాడు. మూడోసారి రాలేదు.

ఒక రాత్రి రాశాను, నాలుగు వరుసలు, సర్వే నంబరుతో సహా. కింద సంతకం పెట్టవలసిన చోటు ఖాళీగా ఉంది. కాగితం సొరుగులో ఉంది.