ఉద్దానం పిల్లలకు దూరంగానే ప్రత్యేక విద్య

ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువు విషయంలో గత పదేళ్లలో చట్టం చాలా ముందుకు వచ్చింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచి, ఆటిజాన్నీ, చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఎదురయ్యే నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ చేర్చింది. ప్రాథమిక స్థాయిలో అలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. దరిమిలా 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 పోస్టులు మంజూరు చేయడం, ఒప్పంద సిబ్బంది మీదే ఎక్కువగా ఆధారపడిన ఈ వ్యవస్థకు గట్టి ఊతం.

ఆ ఉపాధ్యాయులు ఏ ఊళ్లో పనిచేస్తారన్నదే, కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి అసలు ప్రశ్న. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలు ఫిజియోథెరపీతో పాటు, చొక్కా గుండీ పెట్టుకోవడం, చెంచాతో తినడం వంటి నిత్యకృత్యాలనూ ఓపికగా నేర్పిస్తాయి. కానీ పలాస జీడి కర్మాగారాల్లో పప్పు తొక్క తీసి పొట్టపోసుకునే తల్లి బిడ్డను ఆటోలో కేంద్రానికి తీసుకెళ్తే ఆ పూట కూలి పోయినట్టే. తండ్రి చేపల వేటకు గుజరాత్ వలస వెళ్లి, ఇంటి పెద్దలు డయాలసిస్‌కు తిరుగుతున్న కుటుంబంలో ఆమెకు బదులు వెళ్లేవారూ ఉండరు. కిడ్నీ రోగులను విశాఖపట్నం పంపడం కంటే వైద్యాన్నే దగ్గరకు తేవాలన్న తర్కంతో 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. అదే తర్కం వజ్రపుకొత్తూరు, కవిటి తీరంలోని బడిపిల్లలకు వర్తించకపోవడానికి కారణమేమీ లేదు.

గుర్తింపు దశలోని చిక్కు ఇంతకన్నా సున్నితమైనది. వైకల్య లక్షణాలను తరగతి ఉపాధ్యాయులే తొలుత గమనించేలా ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ప్రశస్త్ ప్రశ్నావళి మంచి సాధనమే అయినా, మందస కొండ గ్రామాల సవర పిల్లలో, ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం ఊళ్ల ఒడియా పిల్లలో తెలుగు వాచకం దగ్గర తడబడితే అది కొత్త భాష వల్లనా, అభ్యసన వైకల్యం వల్లనా అన్నది పట్టికలో గళ్లు నింపినంత మాత్రాన తేలదు. ఇంటి భాషలో కథను చక్కగా చెప్పగలిగిన పిల్ల, అదే భాషలోని మాటలను ధ్వనులుగా విడదీయలేక, నెలల తరబడి నేర్పినా గుణింతాలు తారుమారు చేస్తుంటే అప్పుడు వైకల్యాన్ని అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది. ఈ పరీక్ష జరగకపోతే వైకల్యం లేని పిల్లకు ఆ ముద్ర పడుతుంది, నిజంగా సాయం కావలసిన పిల్ల మొద్దు అనిపించుకుని పదో తరగతికి ముందే బడి మానేస్తుంది; రెండూ అన్యాయాలే.

కాబట్టి కొత్త పోస్టుల కేటాయింపులో పిల్లల సంఖ్యతో పాటు దూరాన్నీ లెక్కలోకి తీసుకుని, తీర గ్రామాల బడులకు వారానికి నిర్ణీత రోజుల్లో వెళ్లడాన్ని ఆ ఉపాధ్యాయుల విధిగా, ప్రయాణ ఖర్చును ప్రభుత్వ బాధ్యతగా ఉత్తర్వుల్లోనే రాయాలి. మందస, ఇచ్ఛాపురం మండలాలకు సవర, ఒడియా తెలిసినవారిని ముందుగా ఎంపిక చేయాలి.