‘ఇతరములు’ అనే గడి

మా తాతకు చదువు రాదు. కాని ఎడ్ల బేరంలో ఆయన్ని మించినవాడు మా చుట్టుపక్కల లేడని ఇప్పటికీ చెప్పుకొంటారు. అలమండ సంతకు ఎడ్లను తోలుకుపోతే, కొనవచ్చినవాడు మొదట ఏమడిగాడో మనసులో పెట్టుకొనేవాడట. పళ్ళు చూసినవాడు ఒక రకం, సుడి చూసినవాడు ఒక రకం, “దుక్కికి ఎలగుంటాది?” అన్నవాడు ఇంకో రకం. పొద్దుగూకేసరికి ఆ సంతలో జనం దేన్ని గురించి బెంగపడుతున్నారో ఆయనకు తెలిసిపోయేది. వచ్చే వారం ఏ జతను తేవాలో, ఏ మాటతో బేరం ఎత్తుకోవాలో దాన్నిబట్టే నిర్ణయించుకొనేవాడు.

ఈనాడు కంపెనీలు చేస్తున్నదీ ఇదే. ఫోనులో సరుకు అమ్మేటప్పుడు అవతలి మనిషి ఏయే విషయాలు ఎత్తాడు, ఏ మాట వచ్చాక కొన్నాడు, ఏ మాట దగ్గర ఫోను పెట్టేశాడు అని పట్టిక కట్టి, దాన్నిబట్టి మర్నాటి అమ్మకం తీరు మారుస్తారు. పెద్ద సంస్థల్లో మాటను అక్షరాలుగా మార్చి, విషయాలవారీగా విడదీసే పని కంప్యూటరే చేస్తుంది. చిన్నచోట్ల మనిషి కూర్చుని గడుల్లో టిక్కులు పెడతాడు. అలా టిక్కులు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నాను.

గత ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, కాలేజీ వదిలాక సాయంత్రం పూట, విజయనగరంలో ఒక పురుగుమందుల సంస్థ తరఫున రైతులకు ఫోన్లు చేసే పనిలో చేరాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నా ముందున్న పట్టికలో ఐదు గడులుండేవి: ధర, పురుగు-తెగులు, వేరే కంపెనీ మందు, సరఫరా, ఇతరములు. మాట్లాడటం పూర్తవగానే ఒక గడిలో టిక్కు పెట్టి ఇంకొకరికి ఫోను చెయ్యాలి.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఒక పెద్దాయన, “మందు ఖరీదు ఎక్కువని కాదు బాబూ. కల్లం అయినదాకా సేతిలో డబ్బులుండవు. మా కొట్టాయన అరువిస్తాడు, నువ్విస్తావేటి?” అన్నాడు. ఇది ఏ గడి? పైవాణ్ణి అడిగితే ‘ధర’లో వెయ్యమన్నాడు. ఇంకొకాయన, “కాలవ నీరు మా మడిదాకా రానేదు. ఉబాలే అవనేదు, మందెక్కడ కొట్టమంటావు?” అన్నాడు. మరొకాయన, “బూమి నాది కాదు నాయనా, కౌలు. పంట పోతే పరిహారం నాకు రాదు. ఇంకా మదుపు ఎలగ పెట్టమంటావు?” అన్నాడు. ఈ ఇద్దరినీ ‘ఇతరములు’లో పడేశాను. రాత్రి లెక్క చూసుకొంటే నా టిక్కుల్లో దగ్గర దగ్గర సగం ఆ ఒక్క గడిలోనే ఉన్నాయి.

నెలాఖరు సమావేశంలో ఆ గడిని పక్కన పెట్టేశారు. అందులోంచి ఏమీ తేలదు కాబట్టి మిగతా నాలుగింటినే చూశారు. ‘ధర’ గడి నిండుగా ఉందని ధర కొంత తగ్గించారు. అమ్మకం పెరగలేదు. పెరగదు కూడా. రైతు అడిగింది తక్కువ డబ్బు కాదు, కోతల దాకా గడువు.

రెండో నిర్ణయం ఇంతకన్నా ఘోరం. పురుగు మాట వచ్చిన చోట అమ్మకం ఎక్కువ జరిగిందని పట్టిక చెప్పింది. సరే, ఇకమీదట ప్రతి ఫోనునూ ఆ మాటతోనే మొదలుపెట్టమని మాకు కాగితం ఇచ్చారు. “మీ ప్రాంతంలో సుడిదోమ వస్తోంది, తెలుసా అండీ?” అని. వస్తోందో లేదో మాకు తెలియదు. అయినా అన్నాను. పది రోజులపాటు అదే అన్నాను.

ఆ ఆదివారం చీపురుపల్లి దగ్గర మా ఊరు వెళితే, మా అటక మీద అదే మందు డబ్బా కనిపించింది. నాన్నను అడిగాను. “ఫోన్లో గుంటడెవడో మర్యాదగానే మాటాడినాడ్రా. దోమ ఒచ్చెత్తందన్నాడు. బయమేసింది, కొనీసినాను. మొన్నే కొట్టీసినాను” అన్నాడు. చేనుకు వెళ్ళి నాలుగు దుబ్బులు వంచి మొదళ్ళు చూశాను. దోమ లేదు. ఆ గుంటడు నేను కాకపోవచ్చు, నా పక్క కుర్చీలోవాడు కావచ్చు. మాట మాత్రం నాదే.

సుడిదోమ అబద్ధం కాదు. వచ్చిందంటే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. కాని దుబ్బుకు ఎన్ని దోమలుంటే మందు కొట్టాలో వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్క చెప్పే ఉన్నారు. ప్రతి రెండు మీటర్లకూ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమనీ చెప్పారు. అవసరం లేకుండా మందు కొడితే దోమను తినే సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ ముందు చచ్చి, దోమ ఆ తర్వాత రెట్టింపుగా రావచ్చు. అంటే ఒక తప్పుడు పట్టిక మా నాన్న జేబునే కాదు, చేనునూ దెబ్బతీయగలదు.

అలాగని మాటలను లెక్కించడమే తప్పని నేను అనను. సైన్సు విద్యార్థిని, లెక్కను ఎలా తిడతాను? నా అభియోగమంతా ‘ఇతరములు’ను చెత్తబుట్టగా వాడటం మీదే. మనం తరగతిలో చదువుకొన్న రాలే ప్రభువు సంగతి గుర్తు చేసుకోండి. గాలి నుంచి తీసిన నైట్రోజను, అమ్మోనియా నుంచి తీసిన నైట్రోజను కన్నా సుమారు అర శాతం బరువు తూగింది. ఇంకొకరైతే తక్కెడ దోషమని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. 1894లో రామ్సేతో కలిసి ఆర్గాన్‌ను లోకానికి చూపించాడు. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. లెక్కకు లొంగని ఆ శేషంలోనే కొత్త మూలకం దాక్కుని ఉంది. మరి సగం టిక్కులు శేషమైతే, అందులో ఎంత దాక్కుని ఉండాలి?

మన ఉత్తరాంధ్రవాడే గిడుగు రామమూర్తి పంతులుగారు ఏం చేశారు? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులు పని చేస్తూ, సవరల భాషను వాళ్ళ నోటి నుంచే నేర్చుకొన్నారు. ముందు విన్నారు, ఆ తర్వాతే వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. తన గడులు తయారుచేసుకొని వెళ్ళి సవరల మాటను వాటిలో కుక్కలేదు. రేపు కంప్యూటరు మా వాళ్ళ మాటలు వింటుంది. ‘ఉబాలు’, ‘గరువు’, ‘మదుం’ అన్న మాటలు దానికి ఎవరూ నేర్పకపోతే, ఉత్తరాంధ్ర రైతు మొత్తం ‘ఇతరములు’లోనే ఉండిపోతాడు.

ఇంకొక సంగతి. 2004 జనవరి 21న కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభించింది. 1800-180-1551కు ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. అక్కడా పట్టిక కడతారు: ఏ జిల్లా, ఏ పంట, ఏ ప్రశ్న, ఏ జవాబు అని. తేడా ఏమిటంటే ఆ వివరాలను ప్రజలందరూ చూసేలా ప్రభుత్వపు సమాచార కోశంలో పెట్టారు. కంపెనీ పట్టిక మాత్రం కంపెనీ బీరువాలోనే ఉంటుంది. మాట రైతుది, లెక్క ఇంకొకడిది!

కంపెనీ ధర్మసత్రం కాదు కదా అని మిత్రులు అడగవచ్చు. నిజమే. అమ్మకం కోసమే చెప్పండి, ‘అరువు’ అని ఒక గడి ఉంటే ఆ సంస్థకు లాభం వచ్చేదా, రాదా? కోతల తర్వాత డబ్బు కట్టించుకొనే ఏర్పాటు చేస్తే ఊరి కొట్టుతో పోటీ పడగలిగేది. భయపెట్టి అమ్మిన డబ్బా ఒక్కసారే అమ్ముడవుతుంది. చేలో దోమ లేదని చూసుకొన్నాక మా నాన్న ఆ నంబరు ఫోను ఎత్తడం మానేశాడు. ఇది ఏ గడిలో వేస్తారు?

నేను కోరేవి మూడే. ‘ఇతరములు’ మూడో వంతు దాటితే గడులు మార్చాలి, జనాన్ని తప్పు పట్టకూడదు. ఫోను చేసేవాడికి విన్న మాట విన్నట్టు రాసే ఖాళీ ఒకటి ఇవ్వాలి. లెక్క తేలాక దాని సారాంశం మాట్లాడినవాళ్ళకు తిరిగి చెప్పాలి.

మూడో నెల నేను ఆ పనికి వెళ్ళలేదు. అందులో గొప్పేమీ లేదు, పరీక్షలు దగ్గరపడ్డాయి. కాని మిత్రులారా, మనలో చాలామందిమి రేపు డిగ్రీలు పుచ్చుకొని ఇలాంటి బల్లల ముందే కూర్చుంటాం. అప్పుడు ఫోను అవతలి గొంతు ఎవరో ఒకరి నాన్నదే. టిక్కు పెట్టేముందు ఒక్క నిమిషం ఆగుదాం. మా తాతకు గడులు లేవు. అందుకే కాబోలు, ఆయనకు అన్నీ వినబడ్డాయి.