ముందు "అన్నం తిన్నావా?" అని అడుగుదాం



మన హాస్టల్లో ఒకటి, రెండు తరగతుల చిన్నపిల్లల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందు మా చెల్లి సంగతి చెబుతాను. ఐదేళ్లప్పుడు దాన్ని ఒక బడిలో వేశారు. ఇంట్లో అందరం "చిట్టి" అని పిలుస్తాం. రిజిస్టరులో పేరు వేరే. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు తనదేనని దానికి తెలియదు, పలకలేదు. ఎదురుగా కూచున్నా మూడు రోజులు గైర్హాజరు పడింది. నాలుగో రోజు "మొద్దు" అన్నారు. ఆ మాట మాత్రం దానికి బాగా అర్థమైంది! మర్నాటి నుంచి కడుపునొప్పి అని ఏడుపు. నెల రోజులు బడి మానేసి అమ్మతో పీతలకి కాలవ గట్టు వెంట తిరిగింది.

తర్వాత ఒక కొత్త టీచరమ్మ వచ్చారు. ఒకరోజు మా ఇంటికొచ్చి, వాకిట్లో నేల మీదే కూచుని, "గుప్పిట్లో ఏందమ్మే చిట్టీ?" అని అడిగారు. గవ్వలు. ఎన్ని అంటే పద్నాలుగు లెక్కపెట్టి చూపించింది. కవ్వలు, నెత్తళ్లు, కానాగంతలు, పండుగప్ప అని చేపల పేర్లు గడగడా చెప్పింది. మర్నాడు తనే పలక పట్టుకుని బడికి బయల్దేరింది.

మొన్న మన సార్ తన బి.ఇడి. పుస్తకం చదవనిచ్చారు. అందులో మానవతావాద అభ్యసన సిద్ధాంతం అని ఒక పాఠం ఉంది. పేరు పెద్దదేగానీ సంగతి మా చిట్టిదే! అమెరికా మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో మనిషి అవసరాలను మెట్లుగా చెప్పాడు. మొదట ఆకలి, నిద్ర. తర్వాత భయం లేకపోవడం. తర్వాత నావాళ్లు ఉన్నారనే ప్రేమ. తర్వాత గౌరవం. ఆ పైన తనలో ఉన్న శక్తి బయటికి రావడం. ఈ వరుస అందరికీ ఒకేలా ఉండదని కూడా ఆయనే అన్నాడు. అయినా కింది మెట్టు లేకుండా పై మెట్టు ఎక్కమంటే చిన్నపిల్లలకు కష్టం కాదా? కార్ల్ రోజర్స్ అనే ఇంకొకాయన 1969లో రాసిన పుస్తకంలో, గురువు పని పిల్లవాడిలో చదువు కుక్కడం కాదు, వాడు తనంతట తాను నేర్చుకునేలా తోడుండటం అన్నాడు.

ఇది అమెరికా మాట మాత్రమే అనుకోవద్దు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం పెట్టి, ఆటలతో, కథలతో చదువు చెప్పారు. పిల్లలమీద ఆయనకున్న ప్రేమ చూసి జనం "మీసాల అమ్మ" అని పిలిచారు. మన రాష్ట్రంలో కూడా 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, బంజారా వంటి 8 భాషల్లో గిరిజన పిల్లలకు మొదటి తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. ఇంటి మాటను బడిలోకి రానివ్వడమంటే ఆ పిల్లని గౌరవించడమే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని కొందరు పెద్దలంటారు. నిజమే. కానీ మొక్కను వంచేముందు నీళ్లు పోయాలి గదా! దెబ్బలు కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. "మొద్దు" అనే మాట కూడా దెబ్బే. దాని వాత పైకి కనపడదు, అంతే.

టీచర్ల కష్టం నాకు తెలుసు. ఒక్కరే రెండు తరగతులు చూసుకుంటూ ప్రతి పిల్ల దగ్గరా కూచోవాలంటే కుదరదు. అందుకే ఈ పని మన పెద్ద తరగతుల వాళ్లం పంచుకోవాలి.

నా మనవి ఇది. ఒకటి: రిజిస్టరులో పేరు పక్కన పెన్సిల్‌తో ఇంటిపిలుపు కూడా రాయాలి. రెండు: ఒక్కో చిన్నపిల్లకు ఒక అక్కో, అన్నో తోడుండాలి. తల దువ్విందా, దుప్పటి ఉందా, రాత్రి భయపడిందా అని చూసుకోవాలి. మూడు: లెక్కలకు గవ్వలు, చింతపిక్కలు ఇవ్వాలి. నాలుగు: రాత్రి పావుగంట పిల్లలు వాళ్ల మాటల్లో కథ చెప్పాలి, మనం వినాలి. వీటిల్లో దేనికీ డబ్బులక్కర్లేదు.

ఇంకొక్క మాట. సంక్రాంతి సెలవులయ్యాక మనలో చాలామంది అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. చిన్నపిల్లలు వాళ్ల వెంట పోయి ఆలస్యంగా తిరిగొస్తారు, కొందరు అసలు రారు. వచ్చిన పిల్లను గేటు దగ్గరే "ఇన్నాళ్లు యాడ తిరిగావ్?" అని అడిగితే, అది మళ్లీ కల్లాల్లోకే పోతుంది. కోతలకు పోయింది దాని తప్పు కాదు. కాబట్టి మొదట "అన్నం తిన్నావా?" అని అడుగుదాం. పోయిన పాఠాలు తర్వాత చెప్పుకోవచ్చు. పిల్లే పోతే పాఠం ఎవరికి చెబుతాం?

వార్డెన్ గారు, టీచర్లు ఆలోచించాలని కోరుతూ,

ఇట్లు
10వ తరగతి విద్యార్థిని, కొత్తపట్నం