ఆన్‌లైను విద్య - విద్యార్థుల యభిమతము

మన విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఆన్‌లైను చదువు గిట్టదనియు, బోధన జరుగుచుండగా కెమెరా నాపి నిద్రించెదరనియు పెద్దలు నిందించుట పరిపాటియైనది. ఈ నింద యెంతవఱకు న్యాయమో విచారింతము.

2020 మార్చిలో కరోనా కారణమున దేశమంతటను కళాశాలలు మూతపడెను. నాడు విద్యార్థులు ఈ పద్ధతిని కోరి తెచ్చుకొనలేదు. అది వారిపై వచ్చిపడినది. అనేక గృహములలో తోబుట్టువులందఱకును ఫోను ఒక్కటే. సిగ్నలు కొఱకు మేడమీదికిని, ఊరి వెలుపలి చెట్టుక్రిందికిని పరుగు. ప్రశ్న యడుగబోవునంతలో మాట తెగిపోవును. చేతితో చేయవలసిన ప్రయోగమును తెరపై చూచి తృప్తిపడవలసి వచ్చెను. అట్టి విద్యార్థి కెమెరా నాపినచో అది సోమరితనమా? ఇంటి యిరుకును నలుగురికి చూపనొల్లని యభిమానమా?

ఇంజనీరింగు విద్యార్థులనేకులు, 2003లో ఐ.ఐ.టి.లును బెంగుళూరి విజ్ఞానసంస్థయు కలిసి యారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములను ఎవ్వరును నిర్బంధింపకయే వినుచున్నారు. అర్థముగానిచోట నిలిపి మరల విందురు. తమ కళాశాలలో దొరకని గురువు వారికచ్చట దొరకుచున్నాడు. కావున వారికి యంత్రముపై ద్వేషము లేదు. గురువునకు మాఱుగా యంత్రమునిచ్చి సరిపెట్టుటయే వారికి గిట్టదు. ఇది మా దృఢాభిప్రాయము.

ఈ భేదమును గుర్తించుట నేడత్యావశ్యకము. ఒక సెమిస్టరులోని కోర్సులలో నూటికి 40 వంతుల వఱకు 'స్వయం' ద్వారా చదువనీయవచ్చునని యు.జి.సి. 2021లో నిబంధన చేసెను. మంచిదే. కాని యీ వెసులుబాటును సాకుగా గైకొని అధ్యాపకుల ఖాళీలను నింపక కాలము గడపు విశ్వవిద్యాలయము విద్యార్థిని వంచించినట్లే యగును.

దూరవిద్య మనకు క్రొత్త గాదు. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో ఆంధ్రప్రదేశముననే వెలసినది. అందును అచ్చు పాఠములను పంపి యూరకుండలేదు. అధ్యయన కేంద్రములను నెలకొల్పి, సందేహములు దీర్చువారిని గూడ నియమించిరి. ఆ మార్గమే నేడును శరణ్యము. ప్రతి కళాశాలయందును ఇంటర్నెట్టు గల పఠనమందిరము, ప్రతి పాఠమునకును ప్రశ్న వినునట్టి యధ్యాపకుడు, కోరినవారికి తెలుగున వివరణము: ఈ మూడింటిని అధికారులు ముందు సమకూర్తురు గాక. అటుపిమ్మటను విద్యార్థి విముఖుడై యున్నచో, అప్పుడు నిందింపవచ్చును.