కోర్సు ఫీజు కన్నా ముందు రంపం

ఇంజినీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్ గుర్తుందా? టిన్ స్మితీ అంటూ జీఐ రేకుతో ట్రే చేయించేవారు. మనలో చాలామంది ల్యాబ్ అసిస్టెంట్‌ను బతిమాలి చేయించుకుని, రికార్డు మాత్రం అందంగా రాసినవాళ్లమే. నగల తయారీ నేర్చుకుందామంటే మాత్రం ఆ తప్పించుకున్న పనే మొదటి రోజు ఎదురొస్తుంది.

'జువెలరీ క్యాడ్‌లో చేరమంటారా అన్నా? ఏ మెషిన్ కొనాలి?' అని అడుగుతున్నారు. రెండూ కాస్త ఆపండి. ముందు ఒక సా ఫ్రేమ్, రెండు డజన్ల బ్లేడ్లు, అరచేయంత రాగి రేకు కొనండి. అప్పు చేసి ఫీజు కట్టాక 'ఇది నావల్ల కాదు' అని తెలియడం కన్నా, నాలుగు బ్లేడ్లు విరిగాక తెలియడం చవక.

నేను మొదట కొన్నది కత్తెర. అర మిల్లీమీటరు రాగి రేకును ఆకు ఆకారంలో కత్తిరిస్తే, నిజంగానే ఎండుటాకులా ముడుచుకుంది. కత్తెర రెండు వైపులా నొక్కి విడగొడుతుంది, ఆ నొక్కుడుకే అంచు వంగుతుంది. సోల్డర్ ముక్కలకు, సుమారు కోతలకు చాలు. వంపులకు రంపమే.

ఆ రంపంతో మొదటి సాయంత్రమే ఎనిమిది బ్లేడ్లు విరిచాను. కారణం చెప్పుకోవడానికి సిగ్గే: పళ్లు పైకి పెట్టి బిగించాను! ఇది కిందికి లాగేటప్పుడు కోస్తుంది, కాబట్టి పళ్లు పిడి వైపు చూడాలి. పై చివర బిగించాక, ఫ్రేమ్‌ను బల్ల అంచుకు ఆనించి కాస్త నొక్కిపట్టి కింది చివర బిగించండి. మీటితే 'టింగ్'మనాలి. బల్ల అంచుకు వి ఆకారపు గాడి ఉన్న చెక్క బిగించి, రేకును దానిమీద పెట్టి కోయాలి. మలుపు వస్తే ముందుకు తొయ్యొద్దు. బ్లేడును ఉన్నచోటే పైకీ కిందికీ ఆడిస్తూ రేకునే తిప్పండి. విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు, కళ్లద్దాలు తప్పనిసరి.

రేకు కొనేటప్పుడు ఒక తిరకాసు. అమెరికా వీడియోల్లో 20 గేజ్ అంటే 0.81 మిల్లీమీటర్లు, బ్రిటిష్ లెక్కలో అదే 20 గేజ్ 0.91. దుకాణంలో మిల్లీమీటర్లలోనే అడగండి. 0.8 రేకుకు 2/0 బ్లేడుతో మొదలుపెట్టొచ్చు.

పెద్ద కంపెనీల్లో క్యాడ్ నుంచి మైనపు నమూనా, దాన్నుంచి పోత. ఇక రంపమెందుకు అంటారా? ఒక్కో జత అమ్ముకుంటూ సొంతంగా మొదలుపెట్టేవారి దగ్గర ఆ మెషిన్లుండవు. పైగా క్యాడ్‌లో గీతకు మందం ఉండదు, 2/0 బ్లేడుకు పావు మిల్లీమీటరు ఉంటుంది. అంత లోహం పొడైపోతుంది. వెండితో చేస్తున్నప్పుడు ఈ లెక్క జేబుకు తెలుస్తుంది.

ఈ ఆదివారం రాగి రేకు మీద మామిడి పిందె గీసి, గీతకు కాస్త బయటగా కోయండి. తర్వాత ఆకురాయితో అంచు సరిచేసి, మొత్తం ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నా మొదటి పిందెకు గంటన్నర పట్టింది.